ఐస్‌లాండ్ రై రొట్టె: పైన చెక్కలా, లోపల జిగురుగా వచ్చింది, ఎక్కడ తప్పు చేశాను?

రాయగడ నుంచి:
అందరికీ నమస్తే. నల్లగా, తియ్యగా ఉండే ఐస్‌లాండ్ రై రొట్టె (వాళ్లు రూగ్‌బ్రాయిథ్ అంటారు) చేద్దామని రై (గోధుమ లాంటి ఒక ధాన్యం) పిండి ఆన్‌లైన్లో తెప్పించాను, మా ఊళ్లో దొరకదు. మూడు కప్పులు రై, ఒక కప్పు గోధుమ పిండి, పుల్ల మజ్జిగ, సిరప్ బదులు బెల్లం పాకం, వంట సోడా, ఉప్పు. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 180 డిగ్రీల మీద గంట ఉంచాను. పైన చెక్క, మధ్యలో చాకుకి అంటుకుంటోంది. చాలా బాధేసింది. రై బదులు చోడి (రాగి) పిండి వేస్తే నయమా?

గుణుపురం నుంచి:
తప్పు పిండిది కాదమ్మా, వేడిది. ఇది 180లో కాల్చే రొట్టె కాదు. అక్కడ లోయ్‌గర్‌వాత్న్ సరస్సు ఒడ్డున వేడి ఇసుకలో గొయ్యి తీసి, మూత బిగించిన గిన్నె పాతిపెట్టి 24 గంటల తరవాత తీస్తారు. మన ఒడిశాలో రజో పండక్కి పొడొ పిఠా (బియ్యప్పిండి, బెల్లంతో చేసే రొట్టె) రాత్రంతా నిప్పుల మధ్య మగ్గిస్తారే, అలాగే అనుకోండి. అన్ని గంటలు మగ్గితేనే ఆ నలుపు, ఆ తీపి. 100 డిగ్రీలు పెట్టి, గిన్నె మూడింట రెండు వంతులే నింపి, మూత లేకపోతే రెండు పొరల ఫాయిల్ గట్టిగా చుట్టి 8 గంటలు వదిలేయండి. రై పిండి సాగదు, పిసకక్కర్లేదు, గరిటెతో కలిపితే చాలు.

చోడి వద్దు. రై పిండిలో నీళ్లు పట్టి ఉంచే జిగురు ఉంటుంది, చోడిలో అది అంతగా ఉండదు కాబట్టి రొట్టె పొడిపొడిగా రాలిపోతుంది. చోడితో అంబలి కాయండి, దానికి అదే అందం.

రాయగడ నుంచి:
ఎనిమిది గంటలు కరెంటు ఉంటుందని మా వీధిలో నమ్మలేను అండీ.

పర్లాకిమిడి నుంచి:
నేను ఇడ్లీ కుండలో ఆవిరి మీద చేస్తాను, సన్న మంట మీద నాలుగు గంటలు, మధ్యలో నీళ్లు తగ్గితే మరిగే నీళ్లే పోయాలి, చన్నీళ్లు పోయకండి. రంగు కాస్త తగ్గుతుంది కానీ లోపల మెత్తగా, తేమగా ఉంటుంది. అసలు ముఖ్యం, వేడి మీద కొయ్యొద్దు! బట్టలో చుట్టి మర్నాటిదాకా ఉంచండి, చాకుకి అంటుకునేది సగం అందుకే. పలచగా కోసి వెన్న రాసుకోండి, వాళ్లు పొగబెట్టిన చేపతో తింటారు.

రాయగడ నుంచి:
అయితే వేడిగానే కోశాను నేను. మా అత్తగారి పొడొ పిఠా గిన్నెకి మూత బిగుతుగా పడుతుంది, అది ఇడ్లీ కుండలో దిగుతుందో లేదో ఈ రాత్రే చూస్తాను.