ఫలితాల కోసం ఎదురుచూసే రోజుల్లో ఆర్ట్ జర్నల్: పేజీలు అంటుకుంటున్నాయి, రాస్తే గాభరా పెరుగుతోంది

చిత్తుపుస్తకం:
హైదరాబాద్ అశోక్ నగర్ వైపు హాస్టళ్లలో ఉంటూ గ్రూప్స్ ఫలితాల కోసం చూస్తున్న పదిమందికి, రోజూ రాత్రి అరగంట ఆర్ట్ జర్నల్, అంటే రాతా రంగులూ కలిపి నింపుకునే సొంత పుస్తకం. బొమ్మలు వేయడం ఎవరికీ రాదు. సరంజామా అంటే గీతల్లేని లాంగ్ నోట్‌బుక్, 12 రంగుల వాటర్ కలర్ కేకులు, యాక్రిలిక్ డబ్బాలు, ఫెవికాల్, జెల్ పెన్నులు, పాత పేపర్లు. మనిషికి 300 రూపాయలు దాటే వీల్లేదు.

రంగు తగిలితే పేజీ అప్పడంలా లేస్తోంది. ఎండాయనుకున్న యాక్రిలిక్ పేజీలు మర్నాటికి ఒకదానికొకటి అంటుకుని, విడదీస్తే రంగు ఊడొస్తోంది. రాసినదాని మీద తెల్లరంగు పూస్తే సిరా మరక పైకి తేలుతోంది. ఇవన్నీ ఒక ఎత్తు. "మనసులో ఉన్నది రాయండి" అనేసరికి ముగ్గురు నలుగురికి గాభరా ఇంకా పెరుగుతోంది. మిగతావాళ్లు ఖాళీ పేజీ వంక కాసేపు చూసి ఫోన్ తీస్తున్నారు. ఎక్కడ తప్పుతోంది?

దబ్బనం:
కాగితం సంగతి నేను చెప్తాను. నోట్‌బుక్ కాగితం 60, 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉంటుంది. తడి తగిలిన వైపు పీచు ఉబ్బుతుంది, రెండో వైపు పొడిగానే ఉండిపోతుంది, అందుకే లేస్తుంది. ఆ పుస్తకమే వాడాలంటే రెండేసి కాగితాలు గ్లూ స్టిక్‌తో అతికించి ఒకటి చేయండి. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి కాబట్టి అతికించేటప్పుడే ముడత పడుతుంది. అదే ఉందంటారా, పాత ఏటీఎం కార్డుతో లాగి పొర కంటికి ఆననంత పల్చగా చేయండి. అతికించే కొద్దీ పుస్తకం లావెక్కి నోరు తెరుస్తుంది, అందుకని ప్రతి మూడో కాగితం తీసేయాలి. చింపొద్దు. కుట్టు దగ్గర ఒక సెంటీమీటరు వదిలి కత్తిరించండి, లేకపోతే అవతలి సగంలో ఉన్న దాని జంట కాగితం కూడా ఊడి చేతికొస్తుంది.

నన్నడిగితే సొంతంగా కుట్టుకోవడమే మేలు. 200 జీఎస్ఎం డ్రాయింగ్ కాగితం, ఏ4 సైజు, 6 షీట్లు చాలు. మధ్యకి మడిచి ఒకదాంట్లో ఒకటి దోపితే 12 ఆకులు, 24 పేజీలు. 6 దాటితే మడత దగ్గర పొంగి పుస్తకం మూసుకోదు. లోపలి మడత మీద మూడు గుర్తులు పెట్టండి: నడిమధ్య 10.5 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, పై అంచు నుంచీ కింది అంచు నుంచీ 3 సెంటీమీటర్ల దగ్గర చెరొకటి. దబ్బనంతో పొడిచి, 55 సెంటీమీటర్ల గట్టి దారానికి కొవ్వొత్తి రుద్ది సూదికి ఎక్కించండి. లోపలి నుంచి మధ్య బెజ్జంలోకి గుచ్చి బయటికి తీయండి. పై బెజ్జంలోంచి లోపలికి రండి. లోపలే మధ్యను దాటేసి కింది బెజ్జంలోంచి బయటికి వెళ్లి, మళ్లీ మధ్య బెజ్జంలోంచి లోపలికి. ఈ చివరిసారి సూది మొదటి దారాన్ని చీల్చుకుపోకుండా చూడండి, చీలిస్తే బిగించడానికి రాదు. లోపలి పొడుగు దారానికి రెండు కొసలూ చెరో పక్కన ఉండేలా చూసి దాని మీదుగా ముడి వేస్తే అయిపోయింది.

ఇప్పటికే లేచిన పేజీలు వాటర్ కలర్‌వైతే, వెనకవైపు తడిగుడ్డతో అద్ది తెల్ల కాగితాల మధ్య రాత్రంతా బరువు కింద పెట్టండి. మీ దగ్గర లావుపాటి పాలిటీ పుస్తకాలకు కొదవ ఉండదు కదా.

రంగునీళ్లు:
యాక్రిలిక్ అంటే ప్లాస్టిక్ పొరేనండి. చేతికి పొడిగా తగిలినా వేడికి మెత్తబడే గుణం పోదు. పుస్తకం మూశాక బరువుకి రెండు పొరలూ పట్టేసుకుంటాయి. మే నెలలో రేకుల గదిలోనూ, వానాకాలం కాకినాడలోనూ ఇది మరీ ఎక్కువ. పల్చగా పూసి 24 గంటలు పుస్తకం తెరిచే ఉంచండి, ఆ తర్వాత కూడా పేజీల మధ్య బటర్ పేపర్ పెట్టండి. అది లేకపోతే తెల్ల కొవ్వొత్తి ముక్కను పేజీ అంతా రుద్ది, పాత కాటన్ గుడ్డతో మెరుపు వచ్చేదాకా తుడవండి. మైనం పట్టించాక ఆ పేజీ మీద రంగూ పెన్నూ పట్టవు, కాబట్టి అది ఆఖరి పని. ఇస్త్రీ పెట్టె మాత్రం దగ్గరికి రానివ్వకండి.

నిజానికి పదిమందీ వాటర్ కలర్ కేకులకే కట్టుబడితే ఈ గొడవే ఉండదు. యాక్రిలిక్ ఒక్క తెల్లరంగు ఉంచుకుంటే చాలు.

మరక సంగతి: జెల్ సిరా చాలావరకు నీళ్లకి కరుగుతుంది, తెల్లరంగులోని తడికి కరిగి పైకొస్తోంది. బాల్ పెన్ను వెంటనే చెదరదు గానీ కొన్నాళ్లకి నీలంగా పైకి ఊరొచ్చు. కప్పేయాలనుకున్న రాతలకి 2బి పెన్సిల్ వాడండి. దాని మీద ఫెవికాల్, నీళ్లు సమానంగా కలిపి ఒక చేయి పూసి గంటసేపు ఆరనివ్వండి, ఆపైన తెల్లరంగు. ఆ తెల్లరంగు కూడా ఇంట్లోనే కలుపుకోవచ్చు: తెల్ల యాక్రిలిక్ 3 చెంచాలు, టాల్కం పౌడర్ ఒక చెంచా, ఫెవికాల్ అర చెంచా, దోశపిండి జారుకి వచ్చేదాకా చుక్కచుక్కగా నీళ్లు. పౌడర్ ఎక్కువైతే పేజీ తిప్పినప్పుడల్లా పొర పగిలి రాలుతుంది.

సందుచుక్క:
అసలు ప్రశ్న నాలుగోది. రాస్తే గాభరా పెరగడం వింతేమీ కాదు. 1986లో అమెరికాలో పెన్నెబేకర్, బీల్ చేసిన అధ్యయనంలో విద్యార్థులు రోజుకి 15 నిమిషాల చొప్పున వరసగా 4 రోజులు తమ బాధల గురించి రాశారు. రాసిన వెంటనే వాళ్ల మనసు మరింత బరువెక్కింది. మేలు కనిపించింది తర్వాతి నెలల్లో, డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గడంలో. పైగా వాళ్లు రాసింది జరిగిపోయిన సంగతులు. మీవాళ్లది ఇంకా తేలని సంగతి, ఎంత రాసినా ముగింపు దొరకదు, చెప్పిందే చెప్పుకుంటూ తిరుగుతారు. అందుకే గడియారం పెట్టి 15 నిమిషాలు, 4 రోజులు, అక్కడితో ఆపండి. ఆ తర్వాత కూడా అదే వాక్యం మనసులో తిరుగుతుంటే చేతికి వేరే పని ఇవ్వాలి.

ఖాళీ పేజీ కూడా అంతే. 2005లో కర్రీ, కాసర్ 84 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగంలో మండలానికీ (నడిమి నుంచి గుండ్రంగా పరుచుకునే డిజైను), గళ్ల డిజైనుకీ రంగులు నింపినవాళ్లకి ఆందోళన బాగా తగ్గింది. తెల్ల కాగితం మీద ఇష్టమొచ్చింది వేసుకోమంటే అంత తగ్గలేదు. మనకి మండలం బయట వెతుక్కోనక్కర్లేదు, ముగ్గుంది. 7 చుక్కలు, సందు చుక్క 4 వచ్చేవరకు. ముందు నడిమి వరస 7, దానికి అటూ ఇటూ 6, 5, 4, మొత్తం 37 చుక్కలు. చుక్కకీ చుక్కకీ 1.5 సెంటీమీటర్లు, వరసకీ వరసకీ 1.3. ఏ4 మడిచిన పేజీలో చక్కగా ఇముడుతుంది. పై వరసతో మొదలుపెడితే కిందికొచ్చేసరికి ఒక పక్కకి ఒరుగుతుంది, నడిమి వరసే ముందు. మెలికలు పెన్సిల్‌తో తిప్పి, గదులకి రంగు నింపాలి. మనసు బాగాలేని రోజున చుక్కలు పెట్టి ఆపేసినా లెక్కే.

ఇంకొకటి. ఒక పేజీలో 2.5 సెంటీమీటర్ల గళ్లు అడ్డంగా 5, నిలువుగా 7 గీయించండి. రోజుకో గడి, ఒక్క రంగు, కింద తేదీ. ఎరుపంటే చెడ్డ రోజు, పచ్చంటే మంచి రోజు అని పట్టిక మాత్రం పెట్టకండి, మార్కులేసుకోవడం మొదలవుతుంది. ఆ మార్కుల గోల నుంచే కదా వాళ్లు పారిపోయి వచ్చింది.

అందరికీ పనిచేస్తుందనీ అనుకోకండి. 2016లో డ్రెక్సెల్ యూనివర్సిటీలో 39 మంది 45 నిమిషాలు బొమ్మలు, కొల్లాజ్, మట్టి పని చేస్తే, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ముప్పావువంతు మందికే తగ్గింది. ముందు బొమ్మలు వచ్చా రాదా అన్నది మాత్రం తేడా చూపలేదు. ఎవరికైనా నిద్ర, తిండి దెబ్బతిన్నా, బతుకు మీద విరక్తి మాటలు వస్తున్నా పుస్తకం పక్కన పెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయించండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

చిత్తుపుస్తకం:
అందరికీ ధన్యవాదాలండి. ఇంకో రెండు. రూమ్మేట్లు చదువుతారని కొందరు అసలు రాయట్లేదు. రంగులు అయిపోతే పసుపు, కాఫీ డికాషన్ వాడొచ్చా?

సందుచుక్క:
పేజీ నిండా రాశాక పుస్తకాన్ని పావువంతు తిప్పి, ఆ రాత మీదే అడ్డంగా రాయమనండి. మూడోసారి ఐమూలగా. రాసినవాళ్లకి కూడా చదవడం కష్టం. దాని మీద ముగ్గు చుక్కలు పెట్టుకోవచ్చు.

రంగునీళ్లు:
వాడొచ్చు. అర చెంచా పసుపు రెండు చెంచాల నీళ్లలో కలిపి 10 నిమిషాలు ఉంచి, పైతేట మాత్రం పూయండి. అడుగు మడ్డి పూస్తే ఎండాక పొడిలా రాలుతుంది. బాగా ఆరాక, తాంబూలం సున్నం చిటికెడు నీళ్లలో కలిపి ఇయర్ బడ్‌తో ముంచి గీయండి. గీసిన చోట ఎర్రగా తేలుతుంది, పారాణి లాగే. ఈ ఎరుపు నిలవదు, రోజులు గడిచే కొద్దీ గోధుమరంగుకి దిగుతుంది. పసుపు కూడా ఎండ తగిలితే వెలిసిపోతుంది కాబట్టి గోడకి పెట్టొద్దు, పుస్తకంలోనే ఉంచండి. సున్నం ముట్టుకున్న చేయి కంట్లో పెట్టుకోకుండా వెంటనే కడుక్కోవాలి.

డికాషన్ రెండు మూడు చేతులు పూస్తే మంచి మట్టిరంగు వస్తుంది. చక్కెర వేయకముందే తీసి పెట్టుకోండి, లేదంటే తెల్లారేసరికి పుస్తకం నిండా చీమలే.