సార్క్ మూలబడింది, బిమ్స్‌టెక్ నడుస్తోంది అంటారు. మన సిక్కోలుకి వీటితో పనేంటి?

ప్రశ్న: ఆమదాలవలస కుర్రాడు
అందరికీ నమస్కారం. డిగ్రీ ఆఖరి సంవత్సరం, పొలిటికల్ సైన్స్. వచ్చే వారం సెమినార్లో "ప్రపంచీకరణ కాలంలో ప్రాంతీయ సహకారం" మీద మాట్లాడాలి. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ 1985లో ఢాకాలో పుట్టిందని, ఆఖరి శిఖరాగ్ర సమావేశం 2014లో కాఠ్మాండూలో జరిగిందని, 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది కశ్మీర్‌లో మన సైనిక శిబిరం మీద జరిగిన ఉరీ దాడి తర్వాత ఆగిపోయిందని చదివాను. ఇదంతా అప్పజెప్పేస్తే మార్కులొస్తాయి గానీ నాకే తృప్తిగా లేదు. మా చిన్నాన్నది పలాసలో జీడిపప్పు వ్యాపారం. "పిక్కలు ఆఫ్రికా నుంచి వస్తున్నాయి, పప్పు ఎక్కడికైనా పోతుంది, ఇంక పొరుగు దేశాలతో పొత్తులెందుకురా?" అంటారు. ఆయనకేం చెప్పాలి? మన జిల్లాలో కళ్లకి కనబడే ఉదాహరణ ఏదైనా ఉందా?

జవాబు 1: గ్రూప్స్ ప్రిపరేషన్, విజయనగరం
తమ్ముడూ, రెండు అంకెలు రాసుకో. సార్క్ దేశాలు చేసే మొత్తం వ్యాపారంలో తమలో తాము చేసుకునేది 5 శాతం చుట్టుపక్కల. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో అది ఐదో వంతుకి పైనే. బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి బిమ్స్‌టెక్ 1997లో బ్యాంకాక్‌లో మొదలైంది, ఇప్పుడు 7 దేశాలు. దాని ఛార్టరు, అంటే మూల నియమావళి, కుదరడానికి 2022 దాకా పట్టింది. 2025 ఏప్రిల్ సమావేశంలో సముద్ర రవాణా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మీ జిల్లాలోని మూలపేట పోర్టుతో కలిపి చెబితే బాగుంటుంది.

జవాబు 2: బడి మాస్టారు, ఎచ్చెర్ల తీరం
బాబూ, మీ చిన్నాన్నని తిత్లీ తుపాను గురించి అడుగు. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల ఏం జరిగిందో మర్చిపోయినవాళ్లు పలాసలో ఉండరు. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో తాతలు వేసిన కొబ్బరిచెట్లు, జీడితోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. ఆ తుపానుకి తిత్లీ అని పేరిచ్చింది పాకిస్తాన్. 2021 సెప్టెంబరులో కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ కూడా వాళ్లిచ్చిన పేరే. హుద్‌హుద్ ఒమన్‌ది, ఫైలిన్ థాయ్‌లాండ్‌ది.

పేర్ల వెనక ఒక ఏర్పాటుంది. 1970 నవంబరులో భోలా తుపాను అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో మూడు లక్షల మందికి పైగా పొట్టనబెట్టుకుంది. ఆ తర్వాత 1972లో ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆసియా పసిఫిక్ సంఘం కలిసి బంగాళాఖాతం, అరేబియా సముద్రం చుట్టూ ఉన్న దేశాలతో తుపానుల ప్యానెల్ ఒకటి ఏర్పాటు చేశాయి. ఇప్పుడు అందులో 13 దేశాలు. ఢిల్లీలో మన వాతావరణ శాఖ కేంద్రం వాటన్నిటికీ బులెటిన్లు పంపుతుంది. సార్క్ నాయకులు ఒక బల్ల దగ్గర కూర్చోవడం మానేశాక కూడా ఆ బులెటిన్లు ఆగలేదు. దీనికి ఏ ప్రధానమంత్రి కొత్తగా ఊఁ అననక్కర్లేదు, అది అక్కడి ఉద్యోగుల రోజువారీ పని. మన ఊళ్లలో మైకు పట్టుకుని జనాన్ని తుపాను షెల్టరుకి తరలించే వీఆర్వో దాకా ఆ గొలుసు వస్తుంది.

ఇక రెండోవైపు చూడు. తిత్లీ వెళ్లి రెండు నెలలు తిరక్కుండానే, నవంబరు ఆఖర్లో, గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లిన మా తీరం మనుషులు పాకిస్తాన్ కాపలా బోటుకి చిక్కారు. మన జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రం ఉండి కూడా, పెద్ద బోట్లు కట్టుకునే హార్బరు లేక ఏటా అంత దూరం వలసపోతారు. అక్కడ సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర రెండు దేశాల హద్దు ఇప్పటికీ తేలలేదు. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మందిని అప్పగించేదాకా వాళ్లు కరాచీ జైల్లోనే ఉన్నారు.

ఆ ఏడాదంతా నేను బడిలో చూసింది చెబుతాను. మా పిల్లల తల్లులు రేషన్ కార్డు, ఆధార్, ఓటరు కార్డు జిరాక్సులు పాలిథీన్ కవర్లో చుట్టి పట్టుకొచ్చేవారు. ఫొటో కావాలంటే పెళ్లి ఫొటోలోంచి మొగుడి ముఖం వరకూ కత్తిరించి తెచ్చిన అమ్మాయి ఉంది. అర్జీ రాసిపెట్టమనేవారు. ఒక కార్డులో అప్పన్న, ఇంకోదాంట్లో అప్పారావు. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక. ఈ మనిషి మావాడేనని మన ప్రభుత్వం ధ్రువపరచందే అవతలివాళ్లు కదలరు. ఒక్క అక్షరం తేడాకి మళ్లీ అఫిడవిట్, మళ్లీ తిరుగుడు.

రెండు దేశాలకీ 2008లో కుదిరిన ఒప్పందం ఒకటుంది. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఎవరి జైళ్లలో ఎవరి మనుషులున్నారో జాబితాలు మార్చుకుంటారు. ఎంత గొడవలున్నా ఇది ఆగలేదు. కానీ జాబితాలో పేరున్నంత మాత్రాన తలుపు తెరుచుకోదు. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 73వ అధికరణం ఏమంటుందంటే, ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఆ దేశానికి చేపల మీద హక్కుండే సముద్రంలో, చేపల చట్టం మీరితే, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలుశిక్ష వెయ్యకూడదు. పూచీకత్తు కడితే బోటునీ మనుషుల్నీ వెంటనే వదలాలి. ఇండియా, పాకిస్తాన్ రెండూ ఆ చట్టాన్ని ఆమోదించినవే. మరి దాన్ని ఎందుకు అమలు చెయ్యరు? నీ సెమినార్లో ఈ మాట గట్టిగా అడుగు.

బంగ్లాదేశ్‌తో 2025 జనవరి 5న 95 మంది మన వేటగాళ్లనీ, 90 మంది వాళ్ల వేటగాళ్లనీ సముద్రం మీదే మార్చుకున్నారు. అప్పటికి ఆ దేశంతో మన సంబంధాలేమీ బాగాలేవు. అయినా నెలల్లో తేలింది. మీ చిన్నాన్న జీడి పిక్కలు ఒక దేశం కాకపోతే ఇంకో దేశంలో కొనుక్కోవచ్చు. తుపాను కబురు గానీ, హద్దు దాటిన మనిషి గానీ పొరుగువాడి చేతిలోంచే రావాలి.

జవాబు 3: గోగునార, నెల్లిమర్ల వైపు
మాస్టారికి దండాలు. మీరు రాసింది చదివి కడుపు తరుక్కుపోయింది. అయినా నా మాట కూడా వినండి. మా నాన్న జూట్ మిల్లు కార్మికుడు. మిల్లు మూసెయ్యడం, తెరవడం, మళ్లీ లాకౌట్, మా చిన్నతనం అంతా అదే. సార్క్ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద 2011లో బంగ్లాదేశ్ సరుక్కి దాదాపు అన్నిటి మీదా సుంకం ఎత్తేశారు. అక్కడి గోనె సంచి మనకంటే చౌక, పైగా వాళ్ల సర్కారు ఎగుమతికి రాయితీ ఇస్తుంది. 2017 జనవరిలో మనవాళ్లు మరీ చౌకగా వచ్చిపడే సరుకుని ఆపే యాంటీ డంపింగ్ సుంకం వేశారు గానీ, అప్పటికే మావైపు సంచుల నార కోసం గోగు వేసే రైతులు తగ్గిపోయారు. ధాన్యానికి గోనె సంచులే వాడాలన్న 1987 చట్టం లేకపోతే ఆ మిగిలిన మిల్లులు కూడా నిలబడేవి కావు. సహకారం అని సంతకం పెట్టేటప్పుడు నెల్లిమర్ల కార్మికుణ్ని ఎవరైనా అడిగారా?

బడి మాస్టారు:
అడగలేదమ్మా. అడగాల్సింది. సుంకం ఎత్తేసేటప్పుడే, దెబ్బతినే మిల్లుకీ గోగు రైతుకీ ఏం చేస్తారో అదే కాగితం మీద రాసుండాలి. ఆమదాలవలస బాబూ, ఇది కూడా నీ ప్రసంగంలో పెట్టు, వదిలెయ్యకు.

బిమ్స్‌టెక్ గురించి అడిగావు కదా. అందులో బంగ్లాదేశ్, మయన్మార్, శ్రీలంక, థాయ్‌లాండ్ అన్నీ బంగాళాఖాతం, దాన్ని ఆనుకున్న అండమాన్ సముద్రం ఒడ్డువే. సముద్ర రవాణాకి ఒప్పందం కుదిరింది కాబట్టి, పొరపాటున హద్దు దాటిన వేటగాణ్ని వారంలో ఒప్పగించేలా ఇంకోటి రాసుకోమని అడగొచ్చు. ఇంజను చెడి తూర్పుకి కొట్టుకుపోయే భోగాపురం బోట్లకి అది అక్కరకొస్తుంది. వెరావల్ వలసపోయేవాళ్లకి మాత్రం అది చాలదు, పాకిస్తాన్ అందులో లేదు. వాళ్ల కోసం సార్క్ అయినా తెరవాలి, 73వ అధికరణం అయినా అమలవ్వాలి.