సొంత బావకి లివర్ ఇస్తానంటే కమిటీ ఏంటండీ?

కృష్ణలంక 52: పొద్దున్నించీ సూర్యారావుపేటలో జిరాక్స్ షాపుకీ ఆసుపత్రికీ తిరుగుతూనే ఉన్నా. బావకి లివర్ మార్చాల్సిందేనట, నా లివర్లో ముక్క నేనిస్తానన్నా. ఆధార్, రేషన్ కార్డు, అన్నీ పట్టుకెళ్తే కౌంటర్లో అమ్మాయి ఫైలు పైనున్న రబ్బరు బ్యాండు కూడా తీయలేదు. "మీరు అవయవదానాలకి అనుమతిచ్చే కమిటీకెళ్లాలి" అంది. సొంత బావండీ! ఇంకేం కావాలి?

పటమట మాస్టారు: చెప్పలేదు గానీ తాగుడేగా? మానేసి ఎన్నాళ్లు? లివర్ మార్చేముందు ఆర్నెల్లు మందు మానేసి ఉండమని కొన్ని ఆసుపత్రులనేది శిక్ష కాదు బాబూ. మందు మానితే కొందరి లివర్ తేరుకుంటుంది, ఆపరేషనే తప్పిపోతుంది. నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది ఇదే, సాయంత్రమైతే ఏ సందులో చూసినా...

కృష్ణలంక 52: తాగుడే. మానేసి మూడు నెలలు. వారం వారం పొట్టలో నీరు తీయిస్తున్నాం. ఆర్నెల్లు ఎవరాగుతారు? నేనడిగింది కాగితాల గురించి.

అరండల్‌పేట: ఆర్నెల్లు చట్టంలో లేదు. ఒక్కో ఆసుపత్రిది ఒక్కో పద్ధతి. మళ్లీ తాగడన్న నమ్మకం కోసం సైకియాట్రిస్టు కూడా చూస్తారు. ఇంతకీ ఏ బావ?

కృష్ణలంక 52: బావంటే బావే.

అరండల్‌పేట: అక్క మొగుడా, మేనత్త కొడుకా?

కృష్ణలంక 52: అక్క మొగుడు.

ఫారం 3: ఎవరైనా అంతే. చట్టం లెక్కలో దగ్గరి బంధువులంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతమామ్మలు, మనవలు. బావ లేడు.

పటమట మాస్టారు: బామ్మర్ది బతక్కోరతాడన్నారు పెద్దలు. ఆ చట్టం రాసినవాళ్లకి అక్కలు లేరేమో!

అరండల్‌పేట: మరి అక్క ఇవ్వొచ్చుగా?

కృష్ణలంక 52: అక్క బి పాజిటివ్, బావ ఓ. నాదీ ఓ, కాకపోతే నెగటివ్.

ఫారం 3: నెగటివైనా లివర్‌కి అడ్డు కాదు. ఇలాగే గ్రూపు కలవని ఇంకో కుటుంబం దొరికితే మార్పిడి పద్ధతిలో అక్క వాళ్ల పేషెంటుకీ, వాళ్లు బావకీ ఇవ్వొచ్చు, చట్టానికి 2011లో చేసిన సవరణలో ఒప్పుకున్నారు. మీరే ఇస్తానంటే కమిటీ తప్పదు. డబ్బు చేతులు మారలేదని తేలాలి. ఇద్దరివీ మూడేళ్ల ఆదాయం కాగితాలు, కలిసి దిగిన పాత ఫొటోలు పెట్టండి. ముందు మీకు స్కాన్ చేయించండి. కొవ్వు బాగా పట్టిన లివరైతే తీసుకోరు, ఇక కమిటీ దాకా వెళ్లే పనే లేదు.

కృష్ణలంక 52: పెళ్లి ఫొటో పనికొస్తుందా? బావ కాళ్లు కడుగుతుంటే బిందె నా చేతిలోనే ఉంది.

ఫారం 3: భేషుగ్గా. మీ ఆవిడకి తెలుసా? ఇంట్లోవాళ్లనీ పిలిచి అడుగుతారు.

కృష్ణలంక 52: థాంక్సండీ. ఆల్బమ్ అటక మీదుంది, దించాలి.

అరండల్‌పేట: ఆవిడ సంగతి చెప్పలేదు?