అప్‌డేట్: వార్ఫరిన్ డోసు మార్చకుండానే ఐఎన్ఆర్ పెరిగిన విషయం

వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) డోసు మారకపోయినా అమ్మ ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూపే పరీక్ష, ఎక్కువైతే రక్తస్రావం ముప్పు) 5 దాటిందని, దాని బదులు అదే పనిచేసే కొత్త మందు అపిక్సబాన్ వాడొచ్చా అని అడిగాను కదా, సంగతి తేలింది. అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా "కొత్తగా వేరే మందేమైనా మొదలుపెట్టారా" అని అడిగినవాళ్లకి. కారణం అదే. పంటి ఇన్ఫెక్షన్‌కి రాసిన మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వల్ల వార్ఫరిన్ ఒంట్లోంచి త్వరగా పోదట, దాంతో ప్రభావం బాగా పెరిగిపోయింది. రక్తస్రావం లేదు కాబట్టి డాక్టర్ డోసు ఆపించి, మళ్లీ పరీక్ష చేయించి తగ్గించి మొదలుపెట్టారు. ఇప్పుడు ఐఎన్ఆర్ 2.8, చాలా టెన్షన్ తగ్గింది.

మందు మార్చడం మాత్రం కుదరదు. అమ్మకి ఉన్నది మెకానికల్ మైట్రల్ వాల్వ్ (గుండెలో అమర్చిన కృత్రిమ కవాటం), అలాంటివాళ్లకి అపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగాట్రాన్ ఇవ్వరు, వార్ఫరినే వాడాలి, ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి (దయచేసి ఎవరూ సొంతంగా మార్చకండి). వాల్వ్ సమస్య లేకుండా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఉన్నవాళ్లకి ఆ కొత్త మందులు సాధారణంగా పనికొస్తాయి, ఐఎన్ఆర్ చూడక్కర్లేదు గానీ కిడ్నీ పరీక్షలు చేయిస్తుండాలి.

ఆకుకూరల్లోని విటమిన్ కె వార్ఫరిన్ మీద ప్రభావం చూపుతుంది గానీ, ఈసారి ఐఎన్ఆర్ పెరగడానికి అవి కారణం కాదు, అమ్మ ఎప్పుడూ తినేంతే తింటోంది. యాంటీబయాటిక్ ఎవరు రాసినా వార్ఫరిన్ వాడుతున్నట్టు ముందే చెప్పి, కొద్ది రోజుల్లోనే ఐఎన్ఆర్ చూపించుకోండి.