ఐదు తీగల బేస్ గిటార్: ఏటవాలు ఫ్రెట్లా, సమాంతర ఫ్రెట్లా?

మంద్రస్థాయి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. నేను చర్చి ఆరాధన బృందంలోనూ, పెళ్ళిళ్ళ సీజనులో ఆర్కెస్ట్రాలోనూ ఐదు తీగల బేస్ వాయిస్తుంటాను. ప్రస్తుతం నా దగ్గరున్నది 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు), సమాంతర ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) ఉన్న మామూలు వాయిద్యం. ఇ తీగ వరకు స్వరం స్పష్టంగా పలుకుతుంది కానీ, అన్నిటికంటే మంద్రమైన, లావైన బి తీగ మీదికి వచ్చేసరికి, ముఖ్యంగా కిక్ డ్రమ్ తోడైనప్పుడు, మోత తప్ప స్వరం వినిపించదు. మల్టీ స్కేల్, అంటే ఒక్కో తీగకు ఒక్కో పొడవుతో, ఫ్రెట్లు ఏటవాలుగా ఉండే ఫ్యాన్డ్ ఫ్రెట్ బేస్ తీసుకుంటే ఇది తీరుతుందా? లిరిక్స్ తెర మీద కళ్ళు పెట్టి, నెక్ వైపు చూడకుండా వాయించేవాడికి ఆ వాలు ఫ్రెట్లు ఇబ్బంది కావా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ముప్పైనాలుగు అంగుళాలు:
మీరు చెప్పిన లోపానికి మూలం ఫ్రెట్ల ఆకారంలో లేదు, తీగ పొడవులో ఉంది. బి తీగ ప్రాథమిక స్వరం సుమారు 31 హెర్ట్జ్. చాలా స్పీకర్లు అంత కిందికి గట్టిగా పలకలేవు కాబట్టి మన చెవి 62 హెర్ట్జ్‌నూ, ఆపైన ఉన్న ఉపస్వరాలనూ (ప్రాథమిక స్వరంతోపాటే మోగే పై స్వరాలను) పట్టుకుని స్వరాన్ని గుర్తిస్తుంది. లావుగా, వదులుగా ఉన్న తీగకు మొండితనం ఎక్కువ కనుక దాని ఉపస్వరాలు ఉండవలసిన చోటికంటే కాస్త పైకి జరుగుతాయి, ఆ కలగాపులగమే మీకు మోతగా వినిపిస్తున్నది. అదే గేజ్ (మందం) తీగను అదే శ్రుతిలో 34 నుంచి 37 అంగుళాలకు పొడిగిస్తే బిగువు సుమారు 18 శాతం పెరుగుతుంది, ఉపస్వరాలు తమ స్థానాలకు దగ్గరగా వస్తాయి. అయితే అన్నిటికంటే సన్నదైన జి తీగను కూడా 37 అంగుళాలకు సాగదీస్తే అది మరీ బిగుసుకుపోయి, సన్నగా పలుకుతుంది. లావు తీగ పొడవుగా, సన్న తీగ పొట్టిగా ఉండాలంటే ఫ్రెట్లు వాలక తప్పదు. వాలు అన్నది ఆ పొడవుకు మనం చెల్లించే ధర మాత్రమే.

ఇది మరీ కొత్త సంగతీ కాదు. 16వ శతాబ్ది చివర ఇంగ్లండులో వాడిన ఆర్ఫేరియన్ అనే లోహపు తీగల వాయిద్యాల మీద కూడా ఏటవాలు ఫ్రెట్లు కనిపిస్తాయి; ఈ కాలంలో రాల్ఫ్ నొవాక్ 1989లో పేటెంట్ పొందాక గిటార్లలోకి వచ్చాయి. కెనడాలోని డింగ్‌వాల్ సంస్థ ఐదు తీగల బేస్‌లలో చాలావాటికి జి 34, బి 37 అంగుళాలు. ఐబనేజ్ మల్టీ స్కేల్ బేస్‌లలో కొన్నింటికి బి 35.5 దగ్గర ఆగుతుంది, అక్కడ పెరిగే బిగువు 9 శాతమే. వాలు ఫ్రెట్లున్నవన్నీ ఒకేలా పలుకుతాయనుకుని కొనవద్దు, బి తీగ పొడవెంతో అడిగి కొనండి. ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగ్గా ఉండటం) మెరుగవుతుందన్న ప్రచారాన్ని కూడా నేను పెద్దగా పట్టించుకోను, ఎందుకంటే ఆ పని బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్స్ ఎలాగూ చేస్తాయి.

వేళ్ళ లెక్క:
పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట. ఏడో ఫ్రెట్ ప్రాంతంలో ఫ్రెట్ దాదాపు నిటారుగానే ఉంటుంది కాబట్టి అక్కడ మీకు తేడా తెలియదు. చిక్కంతా నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) దగ్గరే. 37 అంగుళాల తీగ మీద నట్ నుంచి మూడో ఫ్రెట్ వరకు ఉన్న దూరం 34 అంగుళాల దానికంటే 12 మిల్లీమీటర్లు ఎక్కువ, అందువల్ల ఫ్రెట్‌కో వేలు పెట్టే పద్ధతి అక్కడ చిటికెన వేలికి భారమవుతుంది. డబుల్ బేస్ వాయించేవారిలా మొదటి, రెండో, నాలుగో వేళ్ళతో సరిపెట్టుకోవడమే మేలు. చూడకుండా వాయించడానికి మాత్రం మీరు భయపడనవసరం లేదు. మణికట్టు సహజంగా తిరిగే దిక్కుకే ఫ్రెట్లు కూడా వాలి ఉంటాయి. నట్ దగ్గరి ఫ్రెట్లలో బారె పట్టే (ఒకే వేలితో అన్ని తీగలనూ అదిమే) అలవాటుంటే అది కష్టమే, కానీ ఆరాధన గీతాలకు బేస్ మీద బారె ఎవరు పడతారండీ!

నన్నడిగితే, నాలుగు తీగలతో మామూలు శ్రుతిలో వాయించేవారికి సమాంతర ఫ్రెట్లే చాలు. బి తీగ మీద సగం పాట నడిచేవారికే ఈ ఖర్చు.

మంద్రస్థాయి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కొత్తది కొనేలోగా ఉన్నదానితో చేయగలిగింది ఏమైనా ఉందా? కొన్నాక దానికి తీగలు దొరకడం కష్టమా?

ముప్పైనాలుగు అంగుళాలు:
ముందుగా శాడిల్ మీద ఆనే చోట సన్నబడే టేపర్ రకం బి తీగ వేసి చూడండి. గేజ్ పెంచితే బిగువుతోపాటు మొండితనమూ పెరుగుతుంది కనుక 130 (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) దాటి 135కు వెళ్ళేముందు ఆలోచించండి. కిక్ డ్రమ్ అడుగు స్వరాలను తనకే అట్టేపెట్టుకుంటే, మీ ఆంప్‌లో 40 హెర్ట్జ్ కింద కొంత కోసి, 700 హెర్ట్జ్ చుట్టుపక్కల కాస్త పెంచితే స్వరం బయటపడుతుంది.

తీగల సంగతంటారా, 37 అంగుళాల బి తీగకు మామూలు 34 అంగుళాల బేస్‌ల కోసం చేసిన లాంగ్ స్కేల్ సెట్టు చాలాసార్లు చాలదు. బాల్ ఎండ్ (బ్రిడ్జి వైపు తీగ కొసనున్న గుండు) నుంచి నట్ వరకు టేపుతో కొలిచి, తీగ చుట్టు సన్నబడటం నట్ దాటాకే మొదలవుతుందో లేదో దుకాణంవాళ్ళను అడిగి తీసుకోండి. కొత్త వాయిద్యం చూడటానికి వెళ్ళినప్పుడు ఖాళీ బి తీగను మీటి సంతృప్తి పడకుండా, బి తీగ ఐదో ఫ్రెట్‌లో ఇ స్వరాన్నీ, ఆ పక్కనే ఖాళీ ఇ తీగనూ వెంటవెంటనే వాయించి, రెండూ ఒకే గొంతుతో పలుకుతున్నాయో లేదో వినండి.