మెడికల్ కాలేజీలో అందరి బొమ్మలతో ఎగ్జిబిషన్: ఇంతకుముందు పెట్టినవాళ్లు చెప్పండి

హౌస్‌సర్జన్: మా క్యాంపస్‌లో ఈసారి బొమ్మల ప్రదర్శన పెడదామనుకుంటున్నాం. స్టూడెంట్లవే కాదు, నర్సులు, క్యాంటీన్ వాళ్లు, చుట్టుపక్కల కాలనీల వాళ్లు ఎవరు ఇచ్చినా పెట్టాలని ఆలోచన. ఆడిటోరియం ఇస్తామన్నారు. ఫ్రేములు కట్టించే డబ్బుల్లేవు. ఏం చూసుకోవాలి?

పింక్‌పెన్సిల్: ఆడిటోరియం మాత్రం వద్దు తమ్ముడూ. మా కాలేజీలో మొదటిసారి అక్కడే పెట్టారు. రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు దిగారు, సాయంత్రానికి తాళం పడింది. మరుసటి ఏడాది ఓపీకి, ల్యాబ్‌కి మధ్య వరండాలో పెట్టాం. రిపోర్టుల కోసం గంటలు గంటలు కూర్చునేవాళ్లు అక్కడే ఉంటారు కదా, ఒక్కో బొమ్మ దగ్గరా నిలబడి చూశారు.

ఎక్కువ మంది ఆగింది ఎక్కడో చెప్తే నమ్మరు, హిస్టాలజీ రికార్డుల దగ్గర, అంటే మైక్రోస్కోపులో కనిపించే కణజాలాన్ని చూసి గీసే బొమ్మల పుస్తకాలు. ఫస్టియర్‌లో అందరం తిట్టుకుంటూ వేసినవే, గులాబీ, ఊదా రంగు పెన్సిళ్లు అరిగిపోయేదాకా. లివర్ బొమ్మలో ఆరు పలకల గళ్లు, మధ్యలో సిర, దాని చుట్టూ కిరణాల్లా కణాల వరసలు. ఆయమ్మ ఒకావిడ వేలితో గీతలు వెంబడిస్తూ, "సంక్రాంతికి మేమేసే ముగ్గే ఇది, చుక్కలు మర్చిపోయారు" అంది. మర్నాడు తనే సుద్దముక్క తెచ్చి ఆ బొమ్మ కింద నేల మీద చుక్కలు పెట్టి మరీ వేసి చూపించింది. అందరూ దాన్నే ఫొటో తీసుకున్నారు.

నైట్‌డ్యూటీ: స్టాఫ్ నర్సుని. రెండు మాటలండీ. బొమ్మలు "పది నుంచి నాలుగు లోపల ఆఫీసులో ఇవ్వాలి" అని నోటీసు పెడితే మాలాంటి వాళ్లవి రావు. రాత్రి కూడా ఎవరో ఒకరు తీసుకోవాలి. రెండోది, పేరు పక్కన హోదా రాయకండి. మా దగ్గర ప్రొఫెసర్ గారి వాటర్ కలర్ ముందు అందరూ "ఆహా" అన్నారు. పక్కనే వార్డులో ఖాళీ టైములో అల్లిన క్రోషియా గుడ్డని ఒక్కరూ తల తిప్పి చూడలేదు.

కోఠి పాతకాపు: హోదా రాయొద్దంటే నేను ఒప్పుకోను మేడమ్. స్ట్రెచర్ తోసే ఆయన గీసిన పెన్సిల్ బొమ్మ అని తెలిస్తేనే కదా, రేపు వార్డులో ఎదురైతే పలకరిస్తారు.

నైట్‌డ్యూటీ: పలకరిస్తే మంచిదే సార్. "అబ్బో, నువ్వు కూడా గీస్తావా" అంటారు చూడండి, నాకు చిరాకు దానితోనే. రాయాలా వద్దా అని గీసినవాళ్లనే అడగండి.

చేర్యాలపక్కూరు: పటం బొమ్మల వాళ్లని పిలిచే ఆలోచన ఉంటే ఒక మాట. చేర్యాల నకాషీ పటానికి ఖాదీ గుడ్డ మీద చింతగింజల అంబలి, తెల్లసుద్ద, జిగురు కలిపి పూత పూస్తారు. తేమ తగిలితే ఆ పూత పాడవుతుంది. చెమ్మెక్కిన ఆసుపత్రి గోడకి ఆనించి కట్టొద్దు. అసలు పటం కథ చెప్పడానికి పొడుగ్గా చుట్టలా చేసేది. పైన వెదురు బద్దకి వేలాడదీసి కిందికి వదలండి, గోడ పొట్టిదని మడత పెట్టొద్దు. ఇంకోటి, "మంచి పబ్లిసిటీ వస్తుంది" అని ఉత్త చేతులతో పంపించకండి. రానుపోను చార్జీలు, రోజు కూలి ముందే మాట్లాడుకోండి.

పిల్లల వార్డుకైతే ఏటికొప్పాక బొమ్మలు. అంకుడు కర్ర, లక్క పూత. చేత్తో పట్టుకుని చూడొచ్చు, తడిగుడ్డతో తుడవొచ్చు.

పీఎస్ఎం పీజీ: పేషెంట్ల ఫొటోలు పెడితే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, నోటిమాట చాలదు. పేషెంట్ గీసిన బొమ్మ కింద జబ్బు పేరు వేయకండి, టీబీ, హెచ్ఐవీ అయితే అసలే వద్దు. ఐసీయూ, ఆపరేషన్ వార్డుల వైపు గుడ్డలు, పూలదండలు కట్టొద్దు, దుమ్ము పడుతుంది. స్ట్రెచర్ తిరిగే దారి, అగ్నిమాపక ద్వారం ఖాళీగా ఉండాలి. అడ్డం ఉంటే మొదటి రోజే పీకించేస్తారు.

పెద్దసార్లు "చదువు మానేసి ఇదేంటి" అంటే 2019 నుంచి ఎంబీబీఎస్‌లో ఉన్న ఏట్‌కామ్ మాడ్యూల్ గుర్తు చేయండి. ప్రవర్తన, నైతికత, మాట తీరు అన్నీ సిలబస్సే. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఇర్విన్ బ్రేవర్మన్ అనే చర్మవ్యాధుల ప్రొఫెసర్ ఫస్టియర్ వాళ్లని మ్యూజియానికి తీసుకెళ్లి పెయింటింగులు వర్ణించమనేవారు. ఆ పిల్లలు రోగుల ఫొటోల్లో వివరాలు మరింత బాగా పట్టుకున్నారని 2001లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. మా హెచ్‌ఓడీ ఆ ఒక్క కాగితానికే మెత్తబడ్డారు.

హౌస్‌సర్జన్: అందరికీ థాంక్సండీ. వరండాకే మారుస్తున్నాం. అనాటమీ మ్యూజియం కూడా బయటివాళ్లకి తెరిస్తే జనం వస్తారని మా బ్యాచ్ వాళ్లు అంటున్నారు.

కోఠి పాతకాపు: జనం రావడానికి అదా దారి? దేహదానం చేసినవాళ్ల అవయవాలు కూడా అందులో ఉంటాయి. సెల్ఫీలు దిగుతారు. మైనపు, థర్మకోల్ మోడళ్లు బయట పెట్టుకోండి, చాలు.

పింక్‌పెన్సిల్: నాదీ అదే మాట. ఫ్రేముల సంగతి అడిగావు కదా, తాడు కట్టి బైండర్ క్లిప్పులు పెట్టు. డబుల్ సైడ్ టేపు సున్నం గోడకి నిలవదు, తెల్లారేసరికి సగం బొమ్మలు నేల మీద ఉంటాయి. జనుము తాడు అందంగా ఉంటుంది, నైలాన్ తాడులా బరువుకి సాగదు. అదే కట్టి, మధ్యమధ్యలో మేకులు కొట్టించు. మేకులకి ఎలక్ట్రీషియన్‌ని అడుగు, వైరింగ్ ఎటు పోతోందో ఆయనకే తెలుసు.