పాత ఆరు ప్యాడ్ల రాకెట్ లాంచ్ బాక్స్: బల్బు వెలుగుతోంది, ఇగ్నైటర్ కాలట్లేదు

తిరుపతిలో మా మోడల్ రాకెట్ క్లబ్బుకి పాత లాంచ్ కంట్రోలర్ (దూరం నుంచి బటన్ నొక్కి రాకెట్ వదిలే పెట్టె) ఒకటి దొరికింది. ఆరు ప్యాడ్లు (రాకెట్లు నిలబెట్టే చోట్లు), ఏ ప్యాడో ఎంచుకునేందుకు తిప్పే సెలెక్టర్ స్విచ్, 12 వోల్టుల కారు బ్యాటరీ, లోపల రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చులు) లేవు. 1 నుంచి 3 ప్యాడ్ల దాకా ఏ ఇబ్బందీ లేదు. 4, 5, 6లో కంటిన్యుటీ బల్బు (ఇగ్నైటర్ దాకా సర్క్యూట్ కలిసిందని చూపేది) వెలుగుతుంది గానీ, బటన్ నొక్కితే ఇగ్నైటర్ (ఇంజన్‌ని అంటించే సన్నటి తీగ) కాస్త వెచ్చబడి ఊరుకుంటుంది. ఖాళీ క్లిప్పుల దగ్గర 12.4 వోల్టులు, ఇగ్నైటర్ తగిలించి నొక్కితే 0.6. (ఇంజన్ పెట్టకుండా వట్టి ఇగ్నైటర్లతోనే చూశాం.)

బ్యాటరీ మార్చాం, క్లిప్పులు గరుకు కాగితంతో రుద్దాం. 1వ ప్యాడ్ వైరు 4కి తగిలించినా అదే తంతు. విప్పి చూస్తే సెలెక్టర్‌లో ఆ మూడు కాంటాక్టులకే పచ్చటి చిలుము. కాంటాక్ట్ క్లీనర్ కొడితే 0.9 దాకా వచ్చింది, అంతే.

స్విచ్ పారేయడానికి మనసు రావట్లేదు. దాన్నే ఉంచి, ప్యాడ్‌కొక 30 ఆంపియర్ల కారు రిలే పెట్టాలంటే కంటిన్యుటీ బల్బు పనిచేసేలా వైరింగ్ ఎలా చేయాలి?